స్కేల్‌బౌండ్ ఎందుకు ఆగిపోయింది, ఎప్పటికైనా వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: స్కేల్‌బౌండ్ వీడియోల్లో గేమ్ దాదాపు అయిపోయినట్టే కనిపిస్తుంది. డ్రాగన్ ఎగురుతుంది, హీరో పోట్లాడతాడు, నలుగురు కలిసి ఆడతారు. అంతదాకా వచ్చాక ఎందుకు రద్దు చేశారు? మిగతాది కూడా పూర్తి చేసి వదిలితే ఏం పోయేది? ఇకముందైనా వస్తుందా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. వీడియోల్లో అయిపోయినట్టు కనిపించింది గేమ్ కాదు, గేమ్‌లో ఒక ముక్క. ఆ ముక్కని పూర్తి గేమ్‌గా పెంచే క్రమంలో, ఆ టీమ్‌కి అప్పటిదాకా అలవాటు లేని పనులు మూడు నాలుగు ఒక్కసారే మీద పడ్డాయి. 2017 జనవరి 9న మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. మీరు చూసిన ఆ రూపంలో స్కేల్‌బౌండ్ ఇక రాదనే నా నమ్మకం.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా గేమ్‌లకి యానిమేషన్ పని చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం జంతువుల రిగ్గింగే, అంటే బొమ్మ లోపల ఎముకలు పేర్చి, అది కదలడానికి సిద్ధం చేసే పని. స్కేల్‌బౌండ్‌తో నాకు ఏ సంబంధమూ లేదు. కానీ నేను రెండేళ్ళు పనిచేసిన ఒక గేమ్ కూడా ఇలాగే మధ్యలో ఆగిపోయింది. అందులోనూ హీరో పక్కన ఒక జంతువు ఉండేది. అందుకే మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను.

ఈ గేమ్ గురించి వినని వాళ్ళ కోసం నాలుగు మాటలు. చేసింది జపాన్‌లోని ఒసాకాకి చెందిన ప్లాటినమ్‌గేమ్స్. దర్శకుడు హిదేకి కామియా. రెసిడెంట్ ఈవిల్ 2, మొదటి డెవిల్ మే క్రై, ఓకామి, బయోనెట్టా ఆయన చేసినవే. డబ్బు పెట్టింది మైక్రోసాఫ్ట్, హక్కులూ దానివే. 2014 జూన్‌లో ఈ3 అనే గేమ్‌ల షోలో, మైక్రోసాఫ్ట్ గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ వన్ కోసం ప్రకటించారు. కథలో డ్రూ అనే కుర్రాడు మన లోకం నుంచి డ్రాకోనిస్ అనే వేరే లోకానికి వెళ్ళిపడతాడు. అక్కడ థూబాన్ అనే పెద్ద డ్రాగన్‌తో అతనికి బంధం ఏర్పడుతుంది. డ్రూని మనం ఆడిస్తాం. థూబాన్‌ని మనం మామూలుగా నేరుగా నడపం, అది తన బుద్ధితో తాను పోరాడుతుంది, మనం ఆజ్ఞలు మాత్రం ఇస్తాం. 2016 చివర్లో రావాల్సింది. ఆ ఏడాది జనవరిలో 2017కి వాయిదా వేశారు. సరిగ్గా ఇంకో ఏడాదికి రద్దు.

కామియాకి ఈ ఆలోచన కొత్తది కాదు. 2006లో, కంపెనీకి ఇంకా ప్లాటినమ్ అన్న పేరు కూడా లేని రోజుల్లోనే మొదలైంది. అప్పట్లో హీరో ఒక చిన్నపిల్ల, డ్రాగన్ల బదులు డైనోసార్లు. పెద్ద పెద్ద జంతువులు కొట్టుకుంటుంటే పిల్ల పక్కన నిలబడి ఆజ్ఞలిస్తుంది. దాన్ని పక్కనపెట్టి బయోనెట్టా చేశారు. ఏళ్ళ తర్వాత తిరిగి మొదలుపెట్టేసరికి డైనోసార్లు డ్రాగన్ అయ్యాయి, పిల్ల స్థానంలో కత్తి పట్టిన కుర్రాడు వచ్చాడు.

ఈ మార్పు దగ్గర కాసేపు ఆగాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పిల్ల నిలబడి ఆజ్ఞలిచ్చినంతసేపూ అది ఒక గేమ్. ఆ పిల్ల స్థానంలో ప్లాటినమ్ తరహాలో మెరుపులా కత్తి తిప్పే హీరో వచ్చాక అవి రెండు గేమ్‌లు. కత్తియుద్ధానికి కెమెరా దగ్గరగా, హీరో భుజం వెనకే ఉండాలి. అదే సమయంలో పక్కన భవనమంత డ్రాగన్ ఏం చేస్తోందో కనపడాలంటే కెమెరా దూరం జరగాలి. దూరం జరిపితే హీరో చీమంత అవుతాడు. దగ్గరికి తెస్తే డ్రాగన్ కాలు ఒక్కటే తెరంతా నిండిపోతుంది. దీనికి పరిష్కారాలు ఉన్నాయి, కానీ ఒక్కో చోట ఒక్కో పరిష్కారం కావాలి. మైదానంలో సరిపోయింది లోయలో సరిపోదు.

ఇక జంతువు సంగతి. మా ప్రాజెక్టులో హీరో వెంట ఒక ఏనుగు గున్న తిరిగేది. మనిషి భుజం ఎత్తు, అంతే. రిగ్గింగ్ నాదే. నిలబడితే ముద్దొచ్చేది, నడిస్తే బాగుండేది. చిక్కంతా మలుపు దగ్గర వచ్చింది. ఆడేవాళ్ళు బటన్ నొక్కగానే హీరో గిరుక్కున వెనక్కి తిరుగుతాడు, ఆరు ఫ్రేములు, అంటే తెరమీద వరసగా మారే ఆరు బొమ్మలు చాలు. నాలుగు కాళ్ళ గున్న ఒళ్ళు మొత్తం తిరగాలంటే సెకనున్నర కావాలి. తొందరగా తిప్పితే పాదాలు నేల మీద ఆనకుండా నూనె మీద జారినట్టు జారతాయి, బరువు ఉన్నట్టే అనిపించదు. నెమ్మదిగా తిప్పితే హీరో ఎప్పుడో వీధి చివరికి వెళ్ళిపోతాడు, గున్న సందులో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోట అడుగు ముందుకి, అడుగు వెనక్కి వేస్తూ గోడని నుదుటితో తోస్తూ ఉండేది. ఆ ఒక్క సందు మలుపు కోసం ఐదు వారాలు పని చేశాం. చివరికి డిజైనర్లు ఊళ్ళో సందులన్నీ వెడల్పు చేశారు. సందులు వెడల్పు కాగానే ఇళ్ళన్నీ మళ్ళీ పేర్చాల్సి వచ్చింది. ఇళ్ళు మారాక శత్రువులు దాక్కునే చోట్లు మారాయి. భుజం ఎత్తు గున్నకే ఇది.

థూబాన్‌కి రెక్కలు, తోక కూడా ఉన్నాయి. ఎగరాలి, దిగాలి, చెట్లు విరగ్గొట్టాలి, తనంత జంతువుతో కలబడాలి. పైగా ఆడేవాళ్ళు డ్రాగన్ ఒంటి తీరునే మార్చుకోవచ్చన్నారు, రెక్స్ తరహా, వైవర్న్ తరహా, ట్యాంక్ తరహా అని. ఆడేవాళ్ళకి అది ఒక మెనూలో ఎంపిక. నాలాంటి వాళ్ళకి అది మూడు వేరువేరు అస్థిపంజరాలు. నడక, పరుగు, మలుపు, దెబ్బ తగిలినప్పుడు తూలడం, అన్నీ మూడుసార్లు. ఆ ప్రకటన విన్న రోజే, ఇది అనుకున్న తేదీకి రాదని మా టీమ్‌లో అనుకున్నాం.

ఆన్‌లైన్ అసలైన పెద్ద భారం. బయోనెట్టా లాంటి గేమ్‌లలో ప్లాటినమ్ గొప్పతనమంతా క్షణంలో ఉంటుంది. దెబ్బ పడబోయే ఆఖరి క్షణంలో తప్పుకుంటే దానికో బహుమతి. సెకనుకి 60 ఫ్రేములు అనుకుంటే ఒక్కో ఫ్రేమ్ 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇంటర్నెట్‌లో ఒక 100 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే, అంటే ఆరు ఫ్రేములు. నా తెరమీద నేను తప్పుకున్నాను, మీ తెరమీద నాకు దెబ్బ తగిలింది. ఎవరిది నిజం? ఇది గేమ్ మొదలుపెట్టిన రోజే తేల్చుకోవాల్సిన విషయం. చివర్లో అతికిస్తే అతకదు. స్కేల్‌బౌండ్‌లో నలుగురు కలిసి ఆడతారన్నారు. నలుగురు మనుషులు, నాలుగు డ్రాగన్లు, వాటికి సొంత బుద్ధి, ఎదురుగా కొండంత బాస్, అంటే అందరికంటే పెద్ద శత్రువు. డ్రాగన్ బుద్ధి ఎవరి మెషీన్‌లో నడవాలి? అది విరగ్గొట్టిన చెట్టు నలుగురి తెరల మీదా ఒకే వైపు పడాలి కదా?

దీనికి తోడు ఇంజిన్, అంటే గేమ్‌ని దేని మీద కడతారో ఆ సాఫ్ట్‌వేర్. అప్పటిదాకా ప్లాటినమ్ తమ సొంత ఇంజిన్ మీద పని చేసేది. స్కేల్‌బౌండ్‌కి అన్‌రియల్ ఇంజిన్ 4 తీసుకున్నారు. 2014లో అది అందరికీ కొత్తే. ఇంజిన్ మారడమంటే వంటవాణ్ణి కొత్త ఊళ్ళో కొత్త పొయ్యి ముందు నిలబెట్టి, రేపు పెళ్ళికి వండమన్నట్టు. వంట వచ్చు, కానీ ఆ పొయ్యి మంట ఎలా ఉంటుందో తెలియదు.

ఇంజిన్, ఆన్‌లైన్ సంగతులు నా ఊహలు కావు. 2022లో కామియా స్వయంగా ఒప్పుకున్నారు. తమకి అలవాటు లేని వాతావరణంలో పనిచేశామని, అన్‌రియల్ ఇంజిన్ మీద పట్టు లేదని, ఆన్‌లైన్ గేమ్ చేసే అనుభవం లేదని చెప్పి, ఎదురుచూసిన వాళ్ళకీ మైక్రోసాఫ్ట్‌కీ క్షమాపణ కోరారు. అంత పేరున్న దర్శకుడు బయటికొచ్చి ఇంత నేరుగా మాట్లాడటం ఈ రంగంలో అరుదు. ఆయన మీద నా గౌరవం ఆ రోజు పెరిగింది.

"మరి వీడియోలు అంత బాగున్నాయి కదా" అన్నారు మీరు. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళి ఉంటే సెట్ వీధులు చూసే ఉంటారు. ముందు నుంచి చూస్తే వీధి వీధే. వెనక్కి వెళ్తే కర్రలు, మేకులు. షోలో చూపించే డెమో చాలాసార్లు అలాంటిదే. దాన్ని మేం వర్టికల్ స్లైస్ అంటాం: ఒక పది పదిహేను నిమిషాల ఆటని అన్ని హంగులతో పూర్తి చేసి చూపించడం. అందులో మోసం లేదు, అది ఈ పనిలో అవసరం. పబ్లిషర్‌కి (డబ్బు పెట్టి గేమ్‌ని విడుదల చేసే కంపెనీకి), కొనేవాళ్ళకి గేమ్ ఎలా ఉండబోతుందో చెప్పడానికి వేరే దారి లేదు. కానీ ఆ పదిహేను నిమిషాల కోసం నెలల తరబడి టీమ్ అంతా అసలు గేమ్ వదిలేసి దాని మీదే కూర్చుంటుంది. డెమో కోసం తొందరలో రాసిన కోడ్ చాలా భాగం తర్వాత తీసేయాలి. మా ప్రాజెక్టులో నాలుగు నెలలు అలా పోయాయి. షో నుంచి తిరిగొచ్చాక అసలు గేమ్ అప్పటిదాకా తయారైన రూపాన్ని తెరిస్తే గున్నకి తొండం కూడా సరిగ్గా ఆడలేదు, ఎందుకంటే డెమోలో బాగుచేసినవన్నీ డెమోలోనే ఉండిపోయాయి.

స్కేల్‌బౌండ్‌ని 2015 ఆగస్టులో జర్మనీలో గేమ్స్‌కామ్ అనే షోలో ఆడి చూపించారు. 2016 జూన్‌లో ఈ3లో నలుగురు కలిసి పెద్ద పీతలాంటి బాస్‌తో పోరాడటం చూపించారు. ఆ రెండో డెమో చూసి జనం పెదవి విరిచారు. ఫ్రేమ్ రేట్ తడబడుతోందన్నారు, అంతా గందరగోళంగా ఉందన్నారు. నాకైతే ఆ వీడియోలో గందరగోళం కంటే అలసట కనిపించింది. తర్వాత అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ కూడా ఈ గేమ్‌ని అంత ముందుగా జనం ముందుకి తేవడం నుంచి పాఠం నేర్చుకున్నామన్న అర్థంలో మాట్లాడారు. అది నిజం. షోలో చూపించాక జనం తేదీ అడుగుతారు. తేదీ చెప్పాక అది మెడకి చుట్టుకుంటుంది.

ఇక "మిగతాది పూర్తి చేసి వదలొచ్చు కదా" అన్న మాట. ఇది చాలామంది అడుగుతారు, బాధతో అడుగుతారు, నాకు ఆ బాధ తెలుసు. కానీ పబ్లిషర్ చూసేది ఇప్పటిదాకా ఎంత పెట్టామన్నది కాదు, పూర్తి కావడానికి ఇంకా ఎంత కావాలన్నది. పోయిన డబ్బు ఎటూ తిరిగి రాదు. ఇంకో రెండేళ్ళు, ఇంకో అంత డబ్బు పెడితే అప్పుడైనా బాగుంటుందా అంటే, ఎవరూ ఖాయంగా చెప్పలేని స్థితి వస్తే అక్కడ ఆపుతారు. ఆపకపోతే ఏమవుతుందో తెలియాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, అదే ప్లాటినమ్ చేసిన బాబిలాన్స్ ఫాల్ చూడండి. స్క్వేర్ ఎనిక్స్ అనే జపాన్ పబ్లిషర్ కోసం చేసిన ఆన్‌లైన్ యాక్షన్ ఆర్పీజీ, అంటే పోరాడుతూ మన పాత్రని పెంచుకుంటూ పోయే గేమ్. 2022 మార్చి 3న విడుదలైంది. 2023 ఫిబ్రవరి 27న సర్వర్లు ఆపేశారు. ఏడాది కూడా నిండలేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఈ రోజు దాన్ని తెరిచి ఆడలేరు. స్కేల్‌బౌండ్‌ని అలా చూడాల్సి రావడం కంటే అసలు చూడకపోవడమే మేలని నాకు అనిపిస్తుంది. మీకు వేరే అభిప్రాయం ఉండొచ్చు.

తప్పెవరిది అని కూడా కామెంట్లలో గొడవ జరుగుతోంది. రద్దయిన కొత్తలో అందరూ మైక్రోసాఫ్ట్‌ని తిట్టారు. 2019లో ప్లాటినమ్‌కి చెందిన అత్సుషి ఇనాబా దీని గురించి మాట్లాడుతూ, జనం కోపమంతా మైక్రోసాఫ్ట్ మీదే పడటం చూసి తమకి బాధ కలిగిందని, చేయాల్సినవి రెండు వైపులా సరిగ్గా చేయలేకపోయామని అన్నారు. నేను దీన్ని నమ్ముతాను. మా గేమ్ ఆగినప్పుడు కూడా బయటివాళ్ళు పబ్లిషర్‌ని తిట్టారు. లోపల ఉన్న మాకు తెలుసు, మేం రెండు మైల్‌స్టోన్లు, అంటే పబ్లిషర్‌కి పని చూపించాల్సిన గడువులు, వరసగా తప్పాం.

దీనికి పక్కనే ఇంకో విషయం ఉంది, అది నాకు ఎప్పుడు తలచుకున్నా ధైర్యం ఇస్తుంది. స్కేల్‌బౌండ్ రద్దయిన నెలన్నరకే, 2017 ఫిబ్రవరి 23న జపాన్‌లో నియర్: ఆటోమాటా అనే గేమ్ విడుదలైంది. చేసింది అదే ప్లాటినమ్. దర్శకుడు యోకో తారో, పబ్లిషర్ స్క్వేర్ ఎనిక్స్. అది కూడా యాక్షన్ ఆర్పీజీనే. కానీ ఒక్కరే ఆడే గేమ్. సొంత ఇంజిన్. హీరోయిన్ మనిషంత ఎత్తు, పక్కన ఎగిరే సహచరుడు ఒక చిన్న యంత్రం. కెమెరాకి ఇబ్బంది లేదు, సందులో ఇరుక్కునే ప్రశ్నే లేదు. కథ, ప్రపంచం యోకో తారో చూసుకున్నారు, కత్తి ప్లాటినమ్ తిప్పింది. లక్షల కొద్దీ అమ్ముడైంది. టీమ్‌కి చేతకాక స్కేల్‌బౌండ్ పోయిందనేవాళ్ళు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అదే ఊరు, అదే కంపెనీ, దాదాపు అదే కాలం.

మళ్ళీ వస్తుందా? ఆగిపోయిన జపాన్ ఆర్పీజీలు తిరిగి లేచిన సందర్భాలు ఉన్నాయి, కానీ అవి ఎలా లేచాయో చూడాలి. నింటెండో 64 అనే పాత గేమ్ మెషీన్ కోసం ఏళ్ళ తరబడి చేసిన మదర్ 3ని 2000 ఆగస్టులో రద్దు చేశారు. 1999లో షోలో ఆడి చూసిన వాళ్ళు కూడా ఉన్నారు. 2003లో మళ్ళీ మొదలుపెట్టి 2006 ఏప్రిల్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మీద విడుదల చేశారు. అయితే పాత త్రీడీ గేమ్‌ని దులిపి బయటికి తీయలేదు. కథని ఉంచుకుని టూడీలో మొదటి నుంచి కట్టారు. కథ రాసిన షిగెసాతో ఇతోయి అక్కడే ఉన్నారు, హక్కుల చిక్కు లేదు. ఫైనల్ ఫాంటసీ వెర్సస్ 13 అయితే 2006లో ప్రకటించి, 2013లో పేరు మార్చి, 2016 నవంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 15గా వచ్చింది. దర్శకుడు మారారు, కథ చాలావరకు మారింది. సొంత పేరు, సొంత డబ్బు కాబట్టి స్క్వేర్ ఎనిక్స్ అలా చేయగలిగింది.

స్కేల్‌బౌండ్‌కి ఆ రెండు సదుపాయాలూ లేవు. పేరు మైక్రోసాఫ్ట్‌ది. ఆలోచన కామియాది. 2022 మొదట్లో కామియా, ఇనాబా కలిసి ఒక ఇంటర్వ్యూలో, మళ్ళీ చేద్దాం రండి అని ఫిల్ స్పెన్సర్‌ని పేరు పెట్టి అడిగారు. జవాబుగా గేమ్ ఏదీ రాలేదు. 2023 అక్టోబర్‌లో కామియా ప్లాటినమ్ వదిలేశారు. తర్వాత క్లోవర్స్ అనే సొంత స్టూడియో పెట్టారు, 2024 డిసెంబర్‌లో ఓకామికి కొత్త భాగం చేస్తున్నట్టు ప్రకటించారు. అంటే హక్కులు ఒకచోట, పాత ఫైళ్ళు తెలిసిన టీమ్ ఒకచోట, దర్శకుడు ఇంకోచోట. ఇవన్నీ ఒక టేబుల్ దగ్గరికి వచ్చినా, 2015 నాటి కోడ్ ఇప్పుడు పనికిరాదు, మదర్ 3 లాగా మొదటి నుంచి కట్టాల్సిందే. ట్రేడ్‌మార్క్ పునరుద్ధరించారనో, ఇంకెవరో కొన్నారనో వార్త వచ్చినప్పుడల్లా ఆశ పెట్టుకోకండి. ట్రేడ్‌మార్క్ నిలుపుకోవడం లాయర్ల మామూలు పని, గేమ్ చేస్తున్నారనడానికి అది సాక్ష్యం కాదు.

సగం చేసినదాన్నైనా ఇంటర్నెట్‌లో పెట్టేయొచ్చు కదా అని కింద ఒకరు అడిగారు. కుదరదు. అందులో వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, సంగీతం, గొంతు ఇచ్చినవాళ్ళ ఒప్పందాలు ఒక్కో దానికి ఒక్కో షరతు ఉంటుంది. పనిచేసిన వాళ్ళు కూడా చూపించుకోలేరు, సంతకం పెట్టిన ఎన్‌డీఏ, అంటే పని గురించి బయటపెట్టకూడదన్న ఒప్పందం, గేమ్ రద్దయినా రద్దు కాదు. మా గేమ్ ఆపేశారని ఒక బుధవారం పొద్దున మీటింగ్‌లో చెప్పారు. మధ్యాహ్నానికి ప్రాజెక్ట్ సర్వర్‌కి మా లాగిన్లు ఆగిపోయాయి. గున్న ఆ సందులో మలుపు తిరిగే యానిమేషన్, ఐదు వారాల పని, నా షోరీల్‌లో (ఉద్యోగాల కోసం చూపించుకునే పనుల వీడియోలో) లేదు, ఎప్పటికీ ఉండదు. తర్వాత ఇంటర్వ్యూలకి వెళ్తే ఆ రెండేళ్ళు ఏం చేశావని అడిగేవారు. నోటితో చెప్పాను, చేతులతో తిప్పి చూపించాను.

స్కేల్‌బౌండ్‌కి ఆ దుస్థితి లేదు. షోల వీడియోలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2015 గేమ్స్‌కామ్ వీడియో ఇంకోసారి చూడండి, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పోరాటం మొదలవగానే డ్రూ తన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు, అక్కడ పాట అందుకుంటుంది. అప్పుడు మీరు డ్రూని చూడకండి. వెనక దిగుతున్న థూబాన్ పాదాలు చూడండి. నేలకి ఆనగానే ముందు వేళ్ళు విచ్చుకుంటాయి, ఆ తర్వాత ఒంటి బరువు కిందికి దిగుతుంది, తోక ఒక క్షణం ఆలస్యంగా వచ్చి చేరుతుంది. ఆ ఒక్క క్షణం ఆలస్యం ఎవరో ఒసాకాలో కూర్చుని చేత్తో సరిచూసుకుని పెట్టింది.